12 వోల్టుల డబ్బా కొనేముందు

(కావలిలో ఎలక్ట్రీషియన్లు, సీసీ కెమెరాలు బిగించే పనివాళ్లు, పాలిటెక్నిక్ విద్యార్థుల కోసం ఒక ఆదివారం ఉదయం జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ అబ్బాయిలు కాస్త ముందుకు రండి, బల్ల మీద పెట్టినవి మీకు కనపడాలి. నాలుగు వస్తువులు తెచ్చాను. ఒకటి మామూలు ఫోన్ ఛార్జరు. రెండోది కెమెరాకిచ్చే నల్ల అడాప్టరు. మూడోది జాలీ ఉండే రేకు డబ్బా, మనం ఎస్ఎంపీఎస్, అంటే స్విచ్ మోడ్ పవర్ సప్లై, అంటామే, అది. నాలుగోది ఇదిగో, అగ్గిపెట్టె కంటే చిన్నది, బోర్డు మీద సాల్డర్ చేసుకునే మాడ్యూలు. నాలుగూ చేసే పని ఒకటే. గోడలోంచి వచ్చే 230 వోల్టుల ఏసీ తీసుకుని 5 గానీ 12 గానీ 24 గానీ వోల్టుల డీసీ ఇస్తాయి. ఏ పనికి ఏది కొనాలి, కొన్నాక యాడ పెట్టాలి, ఈ పూట అదే మాట్లాడతాను.

దానికంటే ముందు నా చేతుల మీదుగా జరిగిన ఒక సంగతి చెప్పాలి. కొన్నేళ్ల కిందట అల్లూరు దాటాక సముద్రం వైపు ఒక రొయ్యల గుంటకి నాలుగు కెమెరాలు బిగించాను. మేత బస్తాలు పోతున్నాయని రైతు పెట్టించుకున్నాడు. పవర్ సప్లై దగ్గర ఆయన బేరమాడాడు, నేనూ తక్కువలో వచ్చేదే తీసుకున్నాను. మీద 12 వోల్టులు, 5 ఆంపియర్లు అని ఉంది. నాకు అది చాలనిపించింది. ఆరు నెలలు బాగానే పనిచేసింది. కార్తీకంలో ముసురు పట్టింది. ఒకరోజు తెల్లవారుజామున గాలికి కెమెరా పక్కకి తిరిగిపోతే, మేత చల్లే మనిషి ఒట్టి కాళ్లతో తడి గట్టు మీద నిలబడి దాన్ని చేత్తో సరిచేయబోయాడు. సరుగుడు కర్రకి కట్టిన కెమెరా, రేకు బాడీ. పట్టుకోగానే విసిరికొట్టింది. గట్టు మీంచి జారి పడ్డాడు, మోచెయ్యి విరిగింది, ప్రాణం దక్కింది. రైతు నాకు ఫోన్ చేసి అడిగిన మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. "అన్నా, కెమెరాకి వచ్చేది 12 వోల్టులేనంటివే. 12 వోల్టులకి మనిషి ఎగిరిపడతాడా?"

12 వోల్టులకి పడడు. ఆ తెల్లవారుజామున కెమెరా బాడీ మీద ఉన్నది 12 వోల్టులు కాదు.

ఈ డబ్బాలో ఏం జరుగుతుందో చూడండి. 230 ఏసీ లోపలికి రాగానే నాలుగు డయోడ్ల బ్రిడ్జి దాన్ని డీసీ చేస్తుంది. 230 అనేది ఆర్ఎంఎస్ లెక్క, అంటే అంతే వేడి పుట్టించే డీసీతో సమానం; దాని శిఖరం 325 వోల్టులు. కాబట్టి బ్రిడ్జి తర్వాత ఉండే పెద్ద కెపాసిటర్‌లో 325 వోల్టుల డీసీ నిలవుంటుంది. దాన్ని ఒక ట్రాన్సిస్టరు సెకనుకి యాభై వేల నుంచి లక్ష సార్ల దాకా తెంచి కలుపుతూ చిన్న ఫెర్రైట్ ట్రాన్స్‌ఫార్మర్‌కి ఇస్తుంది. అంత వేగంగా తెంపుతుంది కాబట్టే ట్రాన్స్‌ఫార్మర్ నిమ్మకాయంత సరిపోతుంది. పాతకాలం 50 హెర్ట్జ్ ట్రాన్స్‌ఫార్మర్ అయితే అదే పనికి కొబ్బరికాయంత ఉండేది. ఆ ఫెర్రైట్‌కి అవతల పక్క 12 వోల్టులు తయారవుతాయి. అవుట్‌పుట్ ఎంతుందో వెనక్కి చెప్పడానికి ఆప్టోకప్లర్ ఉంటుంది. అది వెలుతురుతో కబురు చెబుతుంది, తీగ కలవదు.

అంటే బోర్డు మధ్యలో ఒక గోడ ఉంది. గోడకి ఇవతల 325, అవతల మనం చేత్తో పట్టుకునే తీగ. ఆ గోడని దాటేవి మూడే మూడు: ట్రాన్స్‌ఫార్మరు, ఆప్టోకప్లరు, వై కెపాసిటర్ అనే చిన్న నీలం బిళ్ల. ఈ డబ్బా మొదటి పని 230ని గోడకి ఇవతలే ఆపడం. 12 వోల్టులు ఇవ్వడం రెండో పని. మనం కొనేటప్పుడు రెండో పని గురించే అడుగుతాం.

ఇదిగో, ఆ రొయ్యల గుంట దగ్గరి సప్లై. దాచిపెట్టుకున్నాను. దగ్గరికి వచ్చి చూడండి. బోర్డు తిరగేస్తే ఇక్కడ ప్రైమరీ, అంటే 325 వైపు రాగి గీత, ఇక్కడ సెకండరీ, అంటే 12 వైపు గీత. మధ్య ఖాళీ ఎంతుంది? స్కేలు పెట్టి చూశాను, 2 మిల్లీమీటర్లు. ఆ రెంటి మధ్య నల్లగా దారంలాగా కనపడుతోందే, అది బొగ్గు. సముద్రపు గాలిలో ఉప్పు బోర్డు మీద పేరుకుంది, ముసురుకి ఆ ఉప్పు నీరు పట్టింది, తడి ఉప్పులోంచి కరెంటు కొద్దికొద్దిగా పాకి బోర్డుని కాల్చుకుంటూ దారి చేసుకుంది. ట్రాన్స్‌ఫార్మర్ కూడా విప్పాను. లోపల ప్రైమరీ చుట్టు మీద పసుప్పచ్చ టేపు ఒకే ఒక్క పొర. పెద్ద ఫ్యూజు ఉండాల్సిన చోట సన్నటి రెసిస్టరు ఒకటి. నీలం బిళ్ల ఉంది కానీ దాని మీద వై1 అన్న భద్రతా గుర్తు లేదు, మామూలు 1 కిలోవోల్టు సిరామిక్ కెపాసిటర్ అది.

ఇప్పుడు దీని పక్కన ఈ రెండో బోర్డు పెడుతున్నాను. ఇదీ 12 వోల్టుల 5 ఆంపియర్లే. ప్రైమరీకి సెకండరీకి మధ్య 7 మిల్లీమీటర్ల ఖాళీ. ఆప్టోకప్లర్ కింద బోర్డునే కోసేసి సందు పెట్టారు, దుమ్ము పేరుకున్నా పాకడానికి చోటు లేకుండా. గ్లాస్ ఫ్యూజు ఉంది. ఫ్యూజు తర్వాత బిళ్లలాంటి ఎంఓవీ ఉంది, లైనులో ఎగిసిపడే వోల్టేజీని అది మింగుతుంది. షాపులో రెండూ ఒకేలాంటి డబ్బాల్లో కూర్చుంటాయి. ధరలో రెండు మూడు వందలు తేడా. ఆ మూడు వందలూ పోయింది ఈ ఖాళీలోకీ, ఈ టేపులోకీ.

షాపులో విప్పనివ్వరు కదా అంటారు. నిజమే. బయట్నించి చూడదగ్గవి కొన్ని ఉన్నాయి. అడాప్టర్ అయితే బీఐఎస్, అంటే కేంద్ర ప్రమాణాల సంస్థ గుర్తు చూడండి. 2012 నాటి కేంద్ర ఉత్తర్వుతో మొదలుపెట్టి కంప్యూటర్, ఫోన్ లాంటివాటి అడాప్టర్లకి నమోదు తప్పనిసరి అయింది. ఐఎస్ అని ప్రమాణం నంబరు ఉండి, దాంతోపాటు 'ఆర్' అక్షరం, గీత, ఎనిమిది అంకెలు ఉండాలి. గుర్తు అచ్చేయడం ఎవరికైనా చేతనవుతుంది కాబట్టి అక్కడితో ఆగొద్దు. ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ పెట్టుకుని ఆ నంబరు కొట్టండి. ఎవరి పేరు మీద, ఏ వస్తువుకి ఇచ్చారో చూపిస్తుంది. అడాప్టర్ మీద పేరు ఒకటి, యాప్‌లో పేరు ఇంకొకటి వస్తే అక్కడే పెట్టేసి రండి. ఇక చతురస్రంలో చతురస్రం గుర్తు ఉంటుంది చూడండి, దానర్థం రెండు పొరల ఇన్సులేషన్, ఎర్త్ అక్కర్లేదని. ఆ గుర్తు లేని రేకు డబ్బాకి మాత్రం ఎర్త్ ఇచ్చి తీరాలి. ఎర్త్ ఇవ్వని రేకు డబ్బాని ముట్టుకుంటే జివ్వుమంటుంది, లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు డబ్బాని సగం లైను వోల్టేజీకి ఎత్తిపెడతాయి. ఎర్త్ అంటే మూడో తీగ కట్టడం ఒక్కటే అనుకోవద్దు. ఎండాకాలం ఎర్త్ గుంతలో బిందెడు నీళ్లు ఎవరైనా పోస్తున్నారా? ఎండిపోయిన గుంతకి కట్టిన తీగ ఉన్నా లేనట్టే.

(సభలో ఒకరు: మంచి అడాప్టర్ కూడా జివ్వుమంటుంది కదన్నా?)

అవును తమ్ముడూ, మంచి ప్రశ్న. మంచిదైనా కొద్దిగా జివ్వుమంటుంది, అది వై కెపాసిటర్ పని. 2.2 నానోఫారడ్ బిళ్ల అయితే 230 వోల్టుల దగ్గర దాదాపు 0.16 మిల్లీఆంపియర్ దాటిస్తుంది. చర్మానికి తెలుస్తుంది, హాని చేయదు. అది మామూలు జివ్వా, ప్రమాదమా తెలుసుకోవడానికి నేను చేసేది ఇది. అడాప్టర్ ప్లగ్గు తీసి ఉండగానే డీసీ నెగటివ్‌కీ మంచి ఎర్త్‌కీ మధ్య 10 కిలో ఓమ్‌ల రెసిస్టరు క్లిప్పులతో తగిలిస్తాను. దాని రెండు కొసలకీ మల్టీమీటరు, ఏసీ వోల్టుల్లో. అప్పుడు స్విచ్ వేస్తాను, చెయ్యి పెట్టను. ఒకటిన్నర, రెండు వోల్టులు చూపిస్తే అది మామూలే. రెండున్నర దాటితే అనుమానించండి. పదులు చూపిస్తే గోడ కూలినట్టే, దాన్ని పగలగొట్టి పారేయండి, ఇంకొకరి చేతికి పోకుండా. మీటరు ఒక్కటే పెట్టి రెసిస్టరు లేకుండా చూస్తే మంచి అడాప్టర్ కూడా తొంభయ్యో వందో చూపించి భయపెడుతుంది, ఆ రీడింగుని నమ్మొద్దు.

రొయ్యల గుంటలు, పశువుల కొట్టాలు, తడి నేల ఉన్న ఏ చోటైనా ఈ సప్లైకి ముందు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు భూమికి లీకైతే లైను తెంచేసే స్విచ్, లేకుండా నేను పని ఒప్పుకోవడం లేదు. ఆ రోజు అది ఉండుంటే దెబ్బ తగిలినా కరెంటు వెంటనే ఆగిపోయే అవకాశం ఉండేది.

ఇక ఆంపియర్ల సంగతి. డబ్బా మీద ఉన్న అంకె చల్లటి గాలిలో, కొత్తగా ఉన్నప్పుడు, అదీ నిజం రాసుంటే. నేను పరీక్ష చేసేది బండి బల్బుతో. 12 వోల్టుల 21 వాట్ల ఇండికేటర్ బల్బు ఒకటి 1.75 ఆంపియర్లు లాగుతుంది. 5 ఆంపియర్ల సప్లైకి అవి రెండు కలిపి కట్టండి, మూడున్నర ఆంపియర్ల లోడు. చల్లటి బల్బు మొదటి క్షణం ఎక్కువ లాగుతుంది, కొన్ని సప్లైలు దానికి బెదిరి ఆగి ఆగి వెలుగుతాయి. కాబట్టి ఒకటి వెలిగాక రెండోది కలపండి. అరగంట వదిలేయండి. అరగంట తర్వాత 12 వోల్టులు 11.8కి తగ్గకుండా ఉండాలి, డబ్బా మీద చెయ్యి ఆనించగలగాలి. చవక అడాప్టర్లలో కొన్ని ఈ పరీక్షలో పది నిమిషాలకే ప్లాస్టిక్ వాసన కొడతాయి. మీ లోడు ఎంతో లెక్కేసి దాని మీద సగం కలిపి కొనండి. రెండు ఆంపియర్లు కావాలంటే మూడు తీసుకోండి. రేకు పెట్టెలో పెడుతుంటే నాలుగు తీసుకోండి.

రేకు పెట్టె అన్నాను కాబట్టి ఎండ గురించి చెప్పాలి, మన దగ్గర ఈ డబ్బాలని చంపేది ఎక్కువగా అదే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మేలో నెల్లూరులో, ఒంగోలులో నీడలోనే 42, 43 ఉంటుంది. కనిగిరి, పొదిలి వైపు చెప్పనక్కర్లేదు. రేకు షెడ్డులో పడమటి గోడకి కొట్టిన పెట్టెలో 60 దాటుతుంది. సప్లై సొంత వేడి దానికి అదనం. లోపల ఉండే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల మీద 105 డిగ్రీలు అని రాసుంటుంది. 105 దగ్గర మామూలు రకం 2,000 గంటలే బతుకుతుంది. పది డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ ఆయుష్షు రెట్టింపవుతుందని లెక్క. కెపాసిటర్ 65 డిగ్రీల్లో ఉంటే 32,000 గంటలు, మూడున్నరేళ్ల పైన. అదే 85లో ఉంటే 8,000 గంటలు, అంటే రాత్రింబగళ్లు నడిస్తే ఏడాది కూడా తిరగదు. ఆ డబ్బానే తూర్పు గోడకి మార్చితే, కింద నాలుగు బెజ్జాలు పైన నాలుగు బెజ్జాలు పెడితే, పైసా ఖర్చు లేకుండా రెండేళ్లు ఎక్కువ వస్తుంది. మంచి కంపెనీల కాగితాల్లో 50 డిగ్రీల పైన లోడు ఎంతకి తగ్గించాలో గీత గీసి చూపిస్తారు. కొనేముందు ఆ కాగితం ఫోన్‌లో తెరిచి ఆ గీత చూడండి. అలాంటి కాగితమే దొరకని సప్లైని నేను కొనను.

బెజ్జాలు పెడితే చీమలు, బల్లులు. 325 వోల్టుల మధ్య బల్లి అడ్డంపడి ఎండిపోయిన బోర్డులు నా దగ్గరికి ఏటా వస్తాయి. సన్నటి స్టీలు వల అతికించండి. సముద్రం పక్కనైతే బెజ్జాల డబ్బా అసలు వద్దు. ప్లాస్టిక్ పెట్టెలో నిండా రెజిన్ పోసి సీలు చేసినవి దొరుకుతాయి, ఐపీ 67 అని రాసుంటుంది. మీన్‌వెల్ వాళ్ల ఎల్‌పీవీ రకం అట్టాంటిదే. ఉప్పు లోపలికి పోయే దారే ఉండదు. అల్లూరు గుంటకి ఆ తర్వాత నేను నా డబ్బుతో పెట్టింది అదే, ఇప్పటికీ నడుస్తోంది.

కెమెరాల వాళ్లు ఎక్కువమంది ఉన్నారు కాబట్టి తీగ గురించి ఒక్క లెక్క. పగలు బాగుండి, చీకటి పడగానే కెమెరా ఆగి ఆగి వస్తోందని మీకు ఫోన్లు వస్తాయా లేదా? వెంటనే సప్లై పోయిందంటాం. రాత్రి కెమెరాలో చీకట్లో చూడ్డానికి ఐఆర్ లైట్లు వెలుగుతాయి, కరెంటు పెరుగుతుంది. సగం ఆంపియర్ అనుకోండి. కెమెరాలకి లాగే త్రీ ప్లస్ వన్ కేబుల్‌లో పవర్ తీగలు సన్నటివి. నిజంగా అర చదరపు మిల్లీమీటర్ రాగి ఉందనుకున్నా, 40 మీటర్ల దూరానికి పోనూ రానూ 80 మీటర్లు, 2.8 ఓమ్‌లు. సగం ఆంపియర్‌కి 1.4 వోల్టులు దారిలోనే పోతాయి. కెమెరాకి అందేది 10.6. చాలా కేబుళ్లలో అంత రాగి కూడా ఉండదు. ఇట్టాంటి చోట రేకు డబ్బా ఎస్ఎంపీఎస్‌లో పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, ఏడీజే అని. దాన్ని 13 దాకా పెంచవచ్చు, దగ్గరి కెమెరాలు ఎంత తట్టుకుంటాయో చూసుకుని. పెద్ద దూరమైతే 24 వోల్టులు పంపి, కెమెరా దగ్గర బక్ కన్వర్టర్‌తో దించండి. కరెంటు సగమవుతుంది, తీగలో పోయే వోల్టులు కూడా సగమే.

అదే రేకు డబ్బాల్లో పెద్దవాటికి పక్కన ఎర్ర స్విచ్ ఉంటుంది, 115, 230 అని. అది 230లో ఉందో లేదో స్క్రూడ్రైవర్‌తో తోసి చూశాకే కరెంటు ఇవ్వండి. 115లో ఉంటే లోపలి కెపాసిటర్ల మీద రెట్టింపు పడి పేలతాయి.

వోల్టేజీ తక్కువ వస్తే, ఆ స్విచ్ లేని ఎస్ఎంపీఎస్‌లకి ఇబ్బంది లేదు. మీద 85 నుంచి 264 అనో, 100 నుంచి 240 అనో ఉంటుంది. మోటార్లన్నీ నడిచే వేళ లైను 170కి పడినా 12 వోల్టులు 12గానే వస్తాయి. భయపడాల్సింది పై వైపు. వీధిలో న్యూట్రల్ తీగ తెగితే ఇంట్లో 300, 350 కూడా వస్తుంది. పూర్తిగా రెండు ఫేజుల మధ్య పడితే 415, దాని శిఖరం 587. లోపల ఉన్నది 400 వోల్టుల కెపాసిటర్. ఎన్ని టీవీలు, ఎన్ని ఛార్జర్లు అట్టా ఒక్క రాత్రిలో పోయాయో మీ అందరికీ తెలుసు. ఎంఓవీ క్షణం పాటు వచ్చే దెబ్బనే కాస్తుంది, నిమిషాల తరబడి వచ్చేదాన్ని కాయలేదు. అందుకు ఓవర్ వోల్టేజ్ కటాఫ్ మెయిన్ బోర్డులోనే పెట్టుకోవాలి. మెయిన్ బోర్డులో పట్టే సప్లై కావాలంటే ఎంసీబీలు కూర్చునే డిన్ రైలు పట్టీ మీద బిగించేవి వస్తున్నాయి, మీన్‌వెల్ హెచ్‌డీఆర్ 15 అనేది 17.5 మిల్లీమీటర్ల వెడల్పు, అంటే ఒక ఎంసీబీ అంత. 12 వోల్టుల దగ్గర 1.25 ఆంపియర్లు ఇస్తుంది. రౌటర్‌కి, చిన్న కంట్రోలర్‌కి నాకు చాలా నచ్చిన వస్తువు.

(ఒక విద్యార్థిని: సార్, బోరు మోటారు ఫోన్‌తో ఆన్ చేసే ప్రాజెక్టు చేస్తున్నాం. స్విచ్ బాక్సులోనే పట్టాలి. హై-లింక్ కంపెనీ చిన్న మాడ్యూలు చాలుతుందా?)

ఏం బోర్డమ్మా నీది? వైఫై ఉండే ఈఎస్‌పీ 8266, రిలేలు నాలుగు. సరే, లెక్కేద్దాం. హై-లింక్ పీఎం 01 అంటే 5 వోల్టులు, 600 మిల్లీఆంపియర్లు, 3 వాట్లు. నీలం రిలే ఒక్కోటి 70 మిల్లీఆంపియర్లు, నాలుగూ పట్టుకుంటే 280. వైఫై పంపే క్షణంలో బోర్డు 300 దాటుతుంది. మొత్తం 600 అంచుకి వచ్చేశావు. స్విచ్ బాక్సులో గాలి ఆడదు. 5 వాట్ల మాడ్యూలు తీసుకో తల్లీ, లేదా ఒకే రిలే పెట్టుకో, మోటారు స్టార్టర్‌కి నాలుగెందుకు? మాడ్యూలు ముందు ఫ్యూజు, ఎంఓవీ నువ్వే పెట్టాలి, చిన్న మాడ్యూలులో అన్నీ ఉండవు. బోర్డు గీసేటప్పుడు 230 గీతలకీ 5 వోల్టుల గీతలకీ మధ్య కనీసం 6 మిల్లీమీటర్లు వదులు. మాడ్యూలు గోడ కట్టి ఇస్తుంది, మనం బోర్డు మీద గీత దగ్గరగా లాగితే ఆ గోడకి మనమే కంత పెట్టినట్టు.

పక్కబ్బాయి కెపాసిటర్‌తో తగ్గించవచ్చు కదా అంటున్నాడు. 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ లైనులో వరసగా పెడితే 72 మిల్లీఆంపియర్లు వస్తుంది, నిజమే, చవక ఎల్ఈడీ బల్బుల్లో అదే ఉంటుంది. అందులో గోడే లేదు నాయనా. ఆ 5 వోల్టుల తీగ ఫేజుకి కలిసే ఉంటుంది. బల్బు సీలు చేసుంటుంది కాబట్టి నడుస్తోంది. మనిషి ముట్టుకునే దేనికీ అది వద్దు, సెన్సరు తీగ బయటికి వచ్చినా వద్దు. ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఆ బోర్డుకి ల్యాప్‌టాప్ కేబులు పెట్టిన రోజు ఏమవుతుందో ఆలోచించు.

ఐదు వోల్టులే కావాలి, చోటు ఉంది అంటే ఇంట్లో పాత ఫోన్‌తో వచ్చిన అసలు ఛార్జరు కంటే మంచిది నేను చూపించలేను. టైప్ సీ పీడీ ఛార్జర్లలో 5, 9, 15, 20 వోల్టులు ఉంటాయి. 12 అన్నింటిలో ఉండదు, దాన్ని నమ్ముకుని కెమెరా ప్లాను వేయొద్దు. అడాప్టర్ పిన్ను కూడా చూసుకోండి, 5.5 మిల్లీమీటర్ల పిన్నుల్లో లోపలి రంధ్రం 2.1 ఒకటి, 2.5 ఒకటి. చూడ్డానికి ఒకటే. 2.5 పిన్ను 2.1 సాకెట్లో దూరుతుంది కానీ వదులుగా ఉండి నిప్పురవ్వలు కొడుతుంది.

పాత ట్రాన్స్‌ఫార్మరు, 12 వోల్టులిచ్చే 7812 రెగ్యులేటరు పద్ధతి పోయిందా అని పొద్దున టీ దగ్గర ఒక పెద్దాయన అడిగారు. పోలేదండీ. రేడియోకి, హార్మోనియం మైకుకి, చిన్న సిగ్నల్ చూసే దేనికైనా నేను ఇప్పటికీ అదే కడతాను. మీడియం వేవ్ రేడియోని ఎస్ఎంపీఎస్ పక్కన పెట్టి చూడండి, గుర్రుమంటుంది. ఎంత ఎక్కువ గుర్రుమంటే ఫిల్టర్ అంత తగ్గించి కట్టినట్టు, అదీ ఒక పరీక్షే. ట్రాన్స్‌ఫార్మర్ కష్టం వోల్టేజీతో. 12 వోల్టుల చుట్టు లైను 170 ఉన్నప్పుడు 9 వోల్టుల ఏసీ కూడా ఇవ్వదు, దాన్ని డీసీ చేసినా రెగ్యులేటరుకి కావలసిన కనీసం 14 రావు, హమ్ము మొదలవుతుంది. 15 వోల్టుల చుట్టు తీసుకుని హీట్ సింకు పెద్దది వేయండి. 170 దగ్గర హమ్ము బాగా తగ్గుతుంది, లైను బాగున్న రోజు ఆ అదనపు వోల్టులు వేడిగా పోతాయి.

టైమ్ అయిందంటున్నారు. విప్పిన బోర్డులు ఆరు ఈ బల్ల మీద పెట్టి పోతున్నాను, మధ్యాహ్నం దాకా ఉంటాయి. స్కేలు, భూతద్దం పక్కనే ఉన్నాయి. ఒక్కొక్కరు వచ్చి ప్రైమరీకి సెకండరీకి మధ్య ఖాళీ మీ చేత్తో కొలిచి, బోర్డు పక్కనున్న కాగితం మీద రాయండి. ప్లగ్గులన్నీ తీసే ఉన్నాయి, పెద్ద కెపాసిటర్లు ఇందాక బల్బుతో ఖాళీ చేశాను. అయినా ముట్టుకునే ముందు మీటరు పెట్టి సున్నా చూసుకోండి, ఈ బల్ల దగ్గరే అలవాటు మొదలుపెట్టండి. నల్ల గీత ఉన్న బోర్డు మూడోది.